టిక్కుల పెట్టెతో పర్చూరు దారిన

మా విజయనగరంలో కూరలో కారం ఎక్కువైతే "ఏటిది, గుంటూరు వంటా?" అంటాం. అరవై రెండేళ్ళుగా ఆ మాట అంటూనే ఉన్నాను గానీ గుంటూరు మాత్రం ఎప్పుడూ చూడలేదు. మొన్న ఫిబ్రవరి చివర్లో చూశాను. గుడి కోసమో పెళ్ళి కోసమో కాదు. ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన ఈ నోటితోనే ఒక మాట సగం చెప్పి వదిలేశానని తెలిసింది. మిగతా సగం చెప్పటానికి వెళ్ళాను. తిరిగొచ్చి పది రోజులైంది. అటువైపు వెళ్ళని వాళ్ళ కోసం రాస్తున్నాను.

శ్యామల మా కాలేజీలో చదువుకున్న పిల్ల. చదువు అయ్యాక చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య ఒక ఊళ్ళో మిరప రైతుల ఇంటికి కోడలుగా వెళ్ళింది. నిరుడు ఆమెకి థైరాయిడ్ గ్రంథిలో కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. లోపల ఇంకా ఏమైనా మిగిలి ఉంటే దాన్ని చంపటానికి రేడియోధార్మిక అయోడిన్ గుళిక మింగించారు. ఆ గుళిక మింగిన మనిషి ఒంట్లోంచి కొన్నాళ్ళు కిరణాలు బయటికి వస్తుంటాయి. అందుకని చిన్నపిల్లలకి దూరంగా ఉండాలి. డాక్టరు మూడు వారాలన్నారు. శ్యామలకి మూడేళ్ళ కూతురుంది. మూడు వారాలు దాటాయి, రెండు నెలలూ దాటాయి. డెబ్బై అయిదో రోజున నాకు ఫోన్ చేసింది.

"మేడమ్, అర్ధాయువు పాఠంలో మీరు చెప్పారు గుర్తుందా? ఎనిమిది రోజులకి సగం, ఇంకో ఎనిమిదికి దాంట్లో సగం, అలా తగ్గుతూనే ఉంటుంది, ఎప్పటికీ సున్నా కాదు పిల్లలూ అని. బోర్డు మీద గీత కూడా గీశారు."

గుర్తులేకపోవటమేం! ఏటేటా అదే గీత గీసేదాన్ని. కిందికి దిగుతూ, దిగుతూ, అడుగుకి మాత్రం తగలని గీత. గీసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఆ మాట అనేదాన్ని. పిల్లలు నోరెళ్ళబెట్టేవారు. నిజం చెప్పాలంటే ఆ నోళ్ళు చూడటం నాకు ఇష్టం.

"పాపని ఎత్తుకున్నావా?" అని అడిగాను.

"ఇంకా సున్నా కాలేదు కదా మేడమ్."

డాక్టరు గారు ఇక భయం లేదన్నారట. సరేనని తలూపి వచ్చేసిందట. నేను ఫోన్లో గంటసేపు చెప్పాను. నాకూ "సరే మేడమ్" అనే అంది. ఆ "సరే" ఎలాంటిదో పంతులమ్మలకి బాగా తెలుసు. అర్థం కాని పిల్లలు ఆ మాట అనరు, ఒప్పుకోని పిల్లలు అంటారు. అందుకే మా మేనల్లుడి చేత రేడియేషన్ కొలిచే చిన్న పెట్టె తెప్పించి, సంచిలో వేసుకుని రైలెక్కాను.

నల్లపాడు

దిగాల్సింది గుంటూరులో. దిగింది నల్లపాడులో. గుంటూరు వచ్చేసరికి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి బండి ఊరు దాటేసి, తర్వాతి స్టేషన్లో సిగ్నల్ కోసం ఆగి ఉంది. సంచి పట్టుకుని దిగేశాను. ప్లాట్‌ఫారం మీద చీపురు పట్టుకున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "గుంటూరు వెనకాలుంది పెద్దమ్మా, నువ్వేమో ముందుకొచ్చావ్" అంది. ఆటో అతను రెండు వందలడిగాడు. మా ఊళ్ళోలాగా బేరమాడబోతే, "ఎక్కండి ముందు, ఎండెక్కుతుంది. నూట యాభై ఇవ్వండి" అని తనే తగ్గించి, సంచి లాక్కుని లోపల పెట్టాడు. ఈ వైపు మనుషులు గట్టిగా మాట్లాడితే కోపమనుకునేదాన్ని. ఆటో దిగేసరికి ఆ అభిప్రాయం మారింది. మామూలు మాటే వీళ్ళు పొలానికి అవతలి గట్టు మీదున్న వాడికి చెప్పినట్టు చెబుతారు.

గుంటూరు

టిఫిన్ హోటల్లో ఇడ్లీ మీద నెయ్యి పోసి, ఎర్రగా కారప్పొడి చల్లి తెచ్చారు. కొబ్బరి చట్నీ ఉందా అని అడిగాను. "ఉంది గానీ దాంతో ఏం తింటారండి?" అన్నాడు సర్వరు, నిజంగా జాలిపడుతూ. రెండు ఇడ్లీలకి మూడు గ్లాసుల నీళ్ళు తాగాను. ముక్కూ కళ్ళూ కారుతున్నా మూడో ఇడ్లీ అడిగానంటే ఆ రుచి ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

బస్సుకి టైముందని మిర్చి యార్డు చూడటానికి వెళ్ళాను. గేటు దగ్గర మొదలైన తుమ్ములు పదిహేను దాకా లెక్కపెట్టి వదిలేశాను. అక్కడ పనిచేసే హమాలీలు ఒక్కరూ తుమ్మరు. నా అవస్థ చూసి ఒక వ్యాపారి కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించాడు. ఫిజిక్స్ చెప్పేదాన్నని తెలిసి ఒక సందేహం అడిగాడు. బయటి దేశాలకి వెళ్ళే కారాన్ని కొన్నిసార్లు గామా కిరణాల కింద పెట్టి పంపిస్తారట, పురుగూ బూజూ పట్టకుండా.

"మరి ఆ కారం తిన్నోళ్ళ ఒంట్లోకి ఆ కిరణాలు పోవాండీ?"

"పోవండి. ఎండలో పెట్టిన కాయ నీడలోకి తెచ్చాక ఎండని దాచుకుంటుందా? కిరణం దాటిపోతుంది. కారం కారంగానే ఉంటుంది."

"అమ్మయ్య" అన్నాడాయన. నాకు మాత్రం శ్యామల గుర్తొచ్చింది. ఆమె సంగతి వేరు. కిరణం తగలటం కాదు, కిరణాలు విడిచే పదార్థాన్నే మింగింది. అందుకే ఆ మూడు వారాల జాగ్రత్త నిజంగా అవసరం. ఆ పిల్ల భయానికి మొదట్లో న్యాయమైన కారణమే ఉంది. దాన్ని ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

చిలకలూరిపేట బస్సు

బస్సులో నా పక్కన నాగమణి అనే ఆవిడ కూర్చుంది. పేటలో జిన్నింగు మిల్లులో పనిచేస్తుందట. జడలో, చీర కుచ్చిళ్ళలో కూడా దూది పోగులు. పది నిమిషాలు ఊరుకుని, నా సంచి వైపు అనుమానంగా చూసింది.

"ఏందమ్మా అది, టిక్కు టిక్కుమంటంది? గడియారమా?"

పెట్టె ఆపటం మర్చిపోయాను. ముందు సీటతను లేచి నిలబడ్డాడు. కండక్టరు వచ్చాడు. పెట్టె బయటికి తీసి, ఇది కిరణాలు కొలిచేదనీ, మట్టిలోంచీ ఆకాశంలోంచీ ఎప్పుడూ కాసిని కిరణాలు వస్తూనే ఉంటాయనీ, నిమిషానికి ఇరవై టిక్కులు మామూలేననీ బస్సు మొత్తానికి పాఠం చెప్పాను. కండక్టరు అంతా విని, "దానికి టిక్కెట్ లేదులెండి" అని వెళ్ళిపోయాడు.

నాగమణి మాత్రం వదల్లేదు. ఆ కిరణాలు ఎక్కణ్ణుంచి పుడతాయో చెప్పమంది. ఆమె కొంగుకి అంటుకున్న పత్తిగింజ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. "ప్రతి వస్తువూ పరమాణువులతో తయారైంది. పరమాణువుకి నడుమ గింజ ఉంటుంది, కేంద్రకమంటారు. ఈ గింజే ఆ కేంద్రకమనుకో. దీన్ని ఊరి మధ్యలో పెడితే, చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లు ఊరి పొలిమేరలో ఉంటాయి. కొన్ని గింజలు లోపల కుదురుగా ఉండలేవు. ఎప్పుడో ఒకప్పుడు చిట్లి, కిరణం వదిలి, ఇంకో రకం గింజగా మారి కుదుటపడతాయి."

"గింజకీ పొలిమేరకీ మధ్య ఏముంటది?"

"ఏమీ ఉండదు."

ఆవిడ కిటికీ కడ్డీ మీద గట్టిగా కొట్టింది. "మరి ఇది ఇంత గట్టిగా ఎట్టా ఉంది?"

మూడు దశాబ్దాల్లో ఏ విద్యార్థీ ఇంత సూటిగా అడగలేదు. పొలిమేర కాసేవాళ్ళు ఒకరినొకరు దగ్గరికి రానివ్వరని, ఆ తోపుడే గట్టితనమని చెప్పాను. "మా అత్తా తోడికోడలూ లాగా" అంది నాగమణి. పేట రాగానే దిగిపోతూ, సంచిలోంచి గుప్పెడు వేరుశనక్కాయలు నా ఒళ్ళో పోసి పోయింది.

శ్యామల ఇల్లు

పర్చూరు రోడ్డు మీద ఆటోలో వెళ్తుంటే రెండు వైపులా కళ్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. అంత ఎరుపు ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు తలగుడ్డలు కట్టుకుని తెల్లబడ్డ తాలు కాయలు ఏరేస్తున్నారు.

శ్యామల మామగారు కోటయ్యగారు వసారాలో ఎరువు బస్తా మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో మనవరాలు మహి. అత్తగారు రత్తమ్మగారు ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చారు. శ్యామల భర్త కాయలు వేసుకుని గుంటూరు వెళ్ళాడట. శ్యామల వసారా చివర కొట్టుగది గుమ్మంలో నిలబడి నవ్వింది. చిక్కిపోయింది. మెడ కింద సన్నగా మచ్చ. దగ్గరికెళ్ళి కౌగిలించుకోబోతే రెండడుగులు వెనక్కి వేసింది. నేనే ముందుకెళ్ళి పట్టుకున్నాను.

సాయంత్రం తల్లీ కూతుళ్ళ ఆట చూశాను. తల్లి గది గుమ్మంలో కూర్చుంది. పాప రెండు బారల దూరంలో చాప మీద కూర్చుంది. బంతి అటూ ఇటూ దొర్లిస్తున్నారు. బంతి సగంలో ఆగితే తల్లి కదల్లేదు. పాప లేచి ఒక్కడుగు వేసి, అక్కడే ఆగి, కర్రతో బంతిని తోసింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, అలవాటుగా చేసింది.

రాత్రి భోజనాల దగ్గర రత్తమ్మగారు నన్ను నిలదీశారు.

"పంతులమ్మగారా, నేను మాత్రం ఏం తక్కువ చేశాను? డాక్టరు చెప్పాడని పురిటి మైల లాగా వేరే గదిచ్చాను, వేరే కంచమిచ్చాను. పదకొండో రోజు తలకి పోశాను. మూడు వారాలు నిండినాక మళ్ళీ పోశాను. చాల్లే, ఇక పిల్లనెత్తుకోవే అన్నాను. ఎత్తుకోదే! మా మైలకి ఆఖరి రోజంటూ ఒకటుంది తల్లీ. మీ చదువుల మైలకి ఆఖరి రోజే లేదంట గదా. మీరే చెప్పారంట గదా."

కోటయ్యగారు "ఊరుకోవే, ఇంటికొచ్చినామెని" అని కసిరారు. ఆమె తప్పేముంది? గోంగూర పచ్చడి కారానికి కళ్ళ నీళ్ళొచ్చాయని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

రెండో రోజు

పొద్దున్నే పెట్టె తీశాను. శ్యామలని వాకిట్లో కూర్చోబెట్టి, మెడ దగ్గర నిమిషంసేపు పట్టుకున్నాను. ఇరవై ఒక్క టిక్కులు. నాకు ఇరవై. దూరంగా అరుగు మీద కూర్చున్న మహికి ఇరవై మూడు.

"అయ్యో నా తల్లికి ఎక్కువొచ్చింది!" అని రత్తమ్మగారు పాపని చంకనెత్తుకున్నారు. ఒకటీ రెండూ అటూ ఇటూ రావటం మామూలేనని, అందరికీ వచ్చినవి గాలీ నేలా ఇచ్చే టిక్కులేనని చెప్పాను.

శ్యామల తల వంచుకుని ఉంది. "ఈ ఇరవై ఒకటిలో నావి ఎన్నో ఎలా తెలుస్తుంది మేడమ్?"

మంచి ప్రశ్న. మంచి విద్యార్థులతో వచ్చిన చిక్కే ఇది. ఇంటి వెనక ఎవరూ లేని పెరట్లోకి వెళ్ళి కొలిచాను. ఇరవై రెండు. "అక్కడ నువ్వు లేవు కదా" అన్నాను. "సరే మేడమ్" అంది. మళ్ళీ అదే "సరే".

ఆమె పడుకునే ఆ కొట్టుగదిలో కూడా చూద్దామని లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. పెట్టె ఉన్నట్టుండి గబగబా కొట్టుకోవటం మొదలుపెట్టింది. నిమిషానికి నలభై మూడు. గుమ్మంలో శ్యామల ముఖం పాలిపోయింది.

"నేను చెప్పలా మేడమ్? నేను పడుకునే చోటే."

ఒక్క క్షణం నాకూ గుండె జారింది. చదివిందంతా ఎటో పోయింది. నేనే తప్పా, ఈ పిల్లే ఒప్పా అనిపించింది. తర్వాత పంతులమ్మ బుద్ధి మేలుకుంది. దుప్పటి తీసి దూరంగా పెరట్లోకి తీసుకెళ్ళి చూశాను, ఇరవై. తలగడ, పంతొమ్మిది. మళ్ళీ గదిలోకి వచ్చి పెట్టెని మెల్లగా జరుపుతూ పోయాను. గుమ్మం వైపు జరిపితే తగ్గుతోంది. మంచం తలవైపు మూలకి జరిపితే పెరుగుతోంది. మూలలో ఒకదాని మీద ఒకటి రెండు బస్తాలున్నాయి. పెట్టె ఆనించగానే అరవై నాలుగు.

"ఏం బస్తాలివి?"

"పొటాష్" అన్నారు కోటయ్యగారు. "మిరపకి వేయగా మిగిలినయ్."

నాకు నవ్వాగలేదు. గోడకి ఆనుకుని నవ్వాను. ఇంటిల్లిపాదీ నాకు మతి పోయిందనుకున్నారు. పొటాష్ అంటే పొటాషియం. భూమి పుట్టినప్పుడే దాంట్లో ఒక పిసరు కుదురులేని గింజలు కలిసి ఉన్నాయి. అప్పట్నుంచీ సగం, సగంలో సగం అవుతూ ఇవాళ్టికీ టిక్కుమంటున్నాయి. అదే విడమర్చి చెప్పాను.

కోటయ్యగారు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. "ఇట్టాంటివే వసారాలో రెండున్నయ్ గదా! నలభై ఏళ్ళుగా ఆ బస్తాల మీదే కూర్చుని కాఫీ తాగుతున్నా. ఈ మూడు నెల్లూ పిల్లని ఒళ్ళో పెట్టుకునే."

"ఆ బస్తాలు అవతల పారేయండి!" అని రత్తమ్మగారు అరిచారు.

"వద్దండీ, వాటి వల్ల ఏమీ కాదు. ఆ పొటాషియం చేలో ఉంది, కాయలో ఉంది, మనం తినే పప్పులో ఉంది. మీలో, నాలో, మహి ఒంట్లో కూడా ఉంది." శ్యామల వైపు తిరిగాను. "విన్నావా? నువ్వు వెతుకుతున్న సున్నా పాపలోనే లేదు. పుట్టినప్పట్నుంచీ లేదు. ఇప్పుడు నీ పక్కన కూర్చుంటే తగిలేదానికంటే తాతయ్య బస్తా మీద పాపకి తగిలిందే ఎక్కువ. దానికే ఏమీ కాలేదు."

ఆమె బయటికొచ్చి కళ్లం గట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని, ఎండుమిరపకాయలు అరవై నాలుగు లెక్కపెట్టి కుప్పగా పోశాను. రత్తమ్మగారూ వచ్చి నిలబడ్డారు.

"ఎనిమిది రోజులు" అని సగం తీసేశాను. "ఇంకో ఎనిమిది" అని దాంట్లో సగం. పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు. చివరికి ఒక్క కాయ మిగిలింది. "ఇప్పుడు చెప్పు శ్యామలా. మళ్ళీ ఎనిమిది రోజులు గడిస్తే?"

"అర కాయ" అంది మెల్లగా.

"ఒక్క కాయని అర కాయ ఎవరు చేస్తారే?" అన్నారు రత్తమ్మగారు. "ఉంటే ఉంటది, లేకుంటే పోతది."

"అంతేనండీ. పరమాణువు కూడా అంతే. చిట్లితే మొత్తం చిట్లుతుంది, లేకపోతే మొత్తం ఉంటుంది. సగం ఉండదు. ఎన్నున్నా లెక్కకి దొరికేవే కాబట్టి ఆఖరిది ఒకటుంటుంది. అదీ ఒకరోజు పోతుంది. నువ్వు మింగినదాంట్లో చాలాభాగం మొదటి నాలుగు రోజుల్లోనే ఒంట్లోంచి బయటికి పోయింది. మిగిలింది పదిసార్లు సగమైంది. ఇంకో ఏడాదికి ఆఖరిదీ పోతుంది. కానీ పాపని ఎత్తుకోవటానికి ఆఖరిదాని కోసం ఆగక్కర్లేదు. మూడు వారాలకే ఎత్తుకోవాల్సింది." మిగిలిన ఆ కాయని ఆమె ముందుకి జరిపాను. "ఆ గీత గీసిన రోజు ఇదంతా చెప్పలేదమ్మా. చెబితే మీ నోళ్ళు మూతపడతాయని చెప్పలేదు. తప్పు నాది. నన్ను క్షమించు."

శ్యామల ఆ ఒక్క కాయ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఈసారి "సరే మేడమ్" అనలేదు. కాయ కుప్పలో పడేసి, చేతులు సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కుంది, మిరపకారం పోవాలిగా. కొంగుతో తుడుచుకుంటూ అరుగు దగ్గరికి వెళ్ళింది.

మహి ఆమెని చూసి లేచి వెనక్కి నడిచింది. వేలు చూపిస్తూ, వాళ్ళమ్మ గొంతుతోనే, "ముట్టుకోకూడదు. దూలం. దూలం" అంది.

శ్యామల ఆగిపోయింది. మా వైపు చూసింది. నేనేదో చెప్పబోతే రత్తమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "పిలవమాక. నువ్వే పో" అన్నారు కోడలితో. "నేర్పినదానివి నువ్వేగా."

శ్యామల మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ రెండు బారలూ అలాగే మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళింది. పాప గోడకి ఆనుకుంది. పారిపోవాలా వద్దా అని నాయనమ్మ వైపు ఒకసారి, తాత వైపు ఒకసారి చూసింది. ఎవరూ వద్దనలేదు. అప్పుడు ఒక్క వేలు చాపి తల్లి చెంప మీద ఆనించి, చప్పున తీసేసి, ఏమవుతుందో అని ఆగింది. ఏమీ కాలేదు. ఇంకోసారి ఆనించింది. మూడోసారి వేలు తియ్యలేదు. శ్యామల రెండు చేతులతో పాపని ఒళ్ళోకి తీసుకుంది.

రత్తమ్మగారు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయారు. కోటయ్యగారు కాయలు తిరగేయాలంటూ కళ్లంలోకి వెళ్ళి, ఏమీ తిరగేయకుండా నిలబడ్డారు.

మధ్యాహ్నానికి పాప ఆ ఒళ్ళోనే నిద్రపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, మంచం మీద పడుకోబెట్టమన్నాను. శ్యామల తలూపింది గానీ కదల్లేదు. కాసేపటికి, పిల్ల లేస్తుందేమోనని గొంతు తగ్గించి అంది, "బరువెక్కింది మేడమ్. అప్పుడింత బరువు లేదు."

ఆ ఎనభై రెండు రోజుల బరువు ఎంతో నా పెట్టె చెప్పలేదు. సాయంత్రం కాయలు కుప్ప చేయటానికి అందరూ కళ్లంలోకి వెళ్ళాం. శ్యామల అరుగు మీదే కూర్చుంది. ఆమెని ఎవరూ లేవమనలేదు.